ఎవరూ కొయ్యని తాడు

క్లారీ ఫెలాన్ గొర్రెల పొలంలో గాలిమర ఆ శుక్రవారం నాడే చెడిపోవాలా అని రోవెనా పిట్‌మన్ ఉదయం నుంచి నాలుగైదుసార్లు అనుకుంది. చెడితే చెడింది, దాన్ని బాగుచెయ్యడానికి మౌంట్ గాంబియర్ ఊరి చుట్టుపక్కల క్లారీకి లెస్ నోస్కే తప్ప ఇంకో మనిషి దొరకలేదా?

గాలిమరకూ బిలానికీ మధ్య రెండు వందల గజాలుంటుంది. అక్కడ లెస్ నిచ్చెన మీద నిలబడి పంపు కడ్డీని ఊడదీస్తున్నాడు. ఇక్కడ బిలం అంచున, నీటి గుహల్లోకి దిగే క్లబ్బు వాళ్లు ఆరుగురు ముక్కాలి గిలక బిగించి, గాలి సిలిండర్లను ఒక్కొక్కటే తాడు కట్టి కిందనున్న నీళ్లలోకి దించుతున్నారు. ఆరుగురిలో ఎవరి చూపూ గాలిమర వైపు పోలేదు. పోనివ్వకుండా ఉండడం వాళ్లకు అలవాటైన పనే. ఊళ్లో అతన్ని కత్తెర నోస్కే అంటారు. ఎందుకంటారో తెలియని పిల్లలు కూడా అలాగే అంటారు.

ఫెలాన్ బిలంలో నీళ్ల కింద గుహ ఉంది. నలభై ఏళ్లుగా దాంట్లోకి దిగినవాళ్లు దిగినట్టల్లా వెనక్కి దారి తెలియడానికి తాడు కట్టుకుంటూ పోయారు. పురికొస మందాన ఉండే తెల్ల నైలాను తాడు. కొత్తది కట్టినవాళ్లు పాతది తియ్యలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల మూడేసి తాళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మడ్డి రేగి కళ్లు కనిపించనప్పుడు చేతికి తప్పు తాడు దొరికితే అది దారి లేని మూలకు తీసుకుపోతుంది. అందుకని పోయిన నెల గోడ వెంట ఒక్క తాడు కొత్తగా, గట్టిగా కట్టారు. ఈ మూడు రోజుల్లో పాతవన్నీ చుట్టి బయటపెట్టాలి. ఆ గుహ రోవెనాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కనుక పని ఆమెకే అప్పజెప్పారు. యాభై ఎనిమిదేళ్లామె. చెక్క మిల్లులో పచ్చి పైను పలకలు ఆరబెట్టే గదులు చూసుకుంటుంది.

పదిన్నరకు టీ కాచారు. టామ్సిన్ రెండు కప్పులు పట్టుకుని తిన్నగా గాలిమర వైపు నడిచింది. ఆ పిల్ల అంబులెన్సు నడుపుతుంది. వార్నంబూల్ నుంచి ఈ ఊరు వచ్చి రెండేళ్లే అయింది. ఎవరూ ఆపలేదు కానీ మాటలు ఆగిపోయాయి. తిరిగొచ్చి రోవెనా పక్కన కూలబడి, నీళ్లలో వేసుకునే సూటు జిప్పుకు మైనం రాస్తూ చెప్పింది. ముందు ఆయన కప్పు ముట్టలేదట. ఈ కప్పు క్లబ్బుదా అని అడిగాడట. కాదు, నాది అంటే అప్పుడు తీసుకున్నాడట.

"ఆయన ఏం చేశాడు, రో?"

రోవెనా గాలి కొలిచే తన గేజిలు చూసుకుంటూ చెప్పింది. "ఇరవై రెండేళ్ల కిందట నేనూ, నాతో దిగిన ఇయనూ లోపల ఉండగా మా తాడు కోశాడు. వెనక్కొస్తుంటే నీళ్లు పాలలా ఉన్నాయి, తాడు లేదు. ఇరవై ఆరు నిమిషాలు గోడ తడుముకుంటూ వచ్చాం. బయటపడేసరికి ఇయన్ సిలిండర్లో గాలి లేదు."

"కావాలనే కోశాడా?"

"గుహ ఎడమ పాయలో నా పాత తాడు తీసుకుంటున్నా, మీది ముట్టుకోలేదు అన్నాడు. అతని పెట్టెలో చూస్తే అదే రకం తాడు, కొత్త కోత. పొరపాటుగా కోశాడో, ఎలా కోశాడో. కోసిన కొస నేను చేత్తో పట్టుకున్నా."

క్లారీ ట్రాక్టరు మీద కూర్చుని ఇదంతా విన్నాడు. ఎనభై ఏళ్ల మనిషి. తన పొలంలో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నది తన పని కాదంటూనే, "నా కుక్క గొర్రెపిల్లను కరిస్తే వారం రోజులు కట్టేస్తాను, అమ్మాయ్. తర్వాత విప్పేస్తాను," అన్నాడు.

రోవెనా వినిపించుకోనట్టే లేచి తాడు చుట్టే చక్రాలు లెక్కపెట్టింది.

*

శనివారం రోవెనా, టామ్సిన్ కుడి పాయలోకి దిగారు. పద్దెనిమిది మీటర్ల లోతున గుహ రెండుగా చీలుతుంది. ఎడమది కొంచెం పోయి మూసుకుపోతుంది. కుడిది నూట నలభై మీటర్లు పోతుంది. కొత్త తాడు పట్టుకుని చివరిదాకా వెళ్లి, గాలిలో మూడో వంతు అయ్యేలోగా వెనుదిరిగారు. అక్కణ్ణుంచి పని మొదలైంది.

టామ్సిన్ ముందు పోతూ, ఒక చెయ్యి కొత్త తాడుకు దగ్గరగా ఉంచుకుని, రాళ్లకు చుట్టిన పాత తాడు మెలికలు విప్పుతుంది. రోవెనా వెనక నుంచి చక్రం తిప్పుతుంది. కుడిచేతి వేళ్ల మధ్య నుంచి తాడు జారుతుంటే దాని మీది మడ్డి చిన్న పొగలా లేచి కిందికి దిగుతుంది. తొందరపడితే పొగ మేఘమవుతుంది. అందుకని పది చుట్లు చుట్టి ఊపిరి వదిలి, మళ్లీ పది. చలి పదిహేను డిగ్రీలు. గంట గడిస్తే వేళ్లు చక్రానివో మనిషివో తెలియదు. ఆ మెలికలు ఆమె వేసినవే. ఇరవై రెండేళ్ల కింద తన చేతులతో తను కట్టిన తాడు. ఆ సంగతి జరిగాక క్లబ్బు ఏడాది పాటు ఈ పాయను మూసేసింది. తెరిచాక అవతలి గోడ వెంట వేరే తాడు కట్టుకున్నారు. దీని జోలికి ఎవరూ రాలేదు.

చీలిక ఇంకా అరవై మీటర్లుందనగా చక్రం తేలికైపోయింది. తాడు అయిపోయింది.

రోవెనా కొసను టార్చి వెలుగులోకి తెచ్చుకుంది. ఆ రోజు చేతికి తొడుగులున్నాయి, కళ్లకు పాలనీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఈ కొసను చూడడం ఇదే మొదలు. కత్తితో కోస్తే నైలాను పోగులన్నీ ఒకే ఎత్తున తెగుతాయి. ఇవి ఒక్కోటి ఒక్కో పొడవున సాగి, అరిగిపోయిన పళ్లు తోమే కుంచెలా విచ్చుకుని ఉన్నాయి.

ఆమె టార్చి కిందికి దించింది. ముందు, నేల మీద, తలుపంత బండ పడి ఉంది. మూరెడు మందం. దాని అంచు కింద నుంచి అలాంటిదే ఇంకో కుంచె, బొటనవేలంత, బయటికి పొడుచుకొచ్చింది. తలెత్తి చూసింది. కప్పులో సరిగ్గా ఆ బండ ఆకారంలోనే ఒక మచ్చ. చుట్టూ రాయి బూడిదరంగుకు తిరిగితే అక్కడ మాత్రం ఇంకా తెల్లగా ఉంది.

టామ్సిన్ టార్చితో మెల్లగా సున్నా చుట్టింది. బాగున్నావా అని. రోవెనా తిరిగి సున్నా చుట్టడానికి కొంచెంసేపు పట్టింది. నీళ్లలో రాసే పలక తీసి "ఆగు" అని రాసి చూపించింది. బండ చుట్టూ తిరిగి అవతలికి పోయింది. అక్కడ మడ్డిని రెండు వేళ్లతో తియ్యగా తాడు దొరికింది. అది బండ కింద నుంచి వచ్చి, ఎక్కడా తెగకుండా, చీలిక దగ్గర తను వేసిన ముడి దాకా పోతోంది. లెస్ కోశాడని అందరూ అన్న చోట ఆ ముడి అలాగే ఉంది.

గాలి చూసుకుంది. సరిపడా ఉంది. టామ్సిన్‌ను వెంటబెట్టుకుని ఎడమ పాయలోకి నాలుగు మీటర్లు వెళ్లింది. రాతికి చుట్టిన పాత తాడు మొదలు ఒకటి అక్కడ మిగిలి ఉంది. కొస చదునుగా, కత్తి కోత. లెస్ ఆ రోజు చెప్పిన చోటే, చెప్పినట్టే.

పైకి వస్తూ ఆరు మీటర్ల దగ్గర ఆగాలి. ఒంట్లో కరిగిన గాలి దిగేదాకా తాడు పట్టుకుని పన్నెండు నిమిషాలు ఊరికే వేలాడాలి. ఆ పన్నెండు నిమిషాల్లో ఆమెకు జ్ఞాపకం వచ్చింది. నీళ్లు పాలలా ఉన్నప్పుడు తాడు చేతిలోనే ఉంది. ఉన్నట్టుండి కిందికి, రాతిలోకి దిగిపోయింది. ఏ పగుల్లోనో చిక్కుకుందని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. మూడోసారి రెండు చేతులా పట్టి, కాలు గోడకు తన్ని లాగింది. అప్పుడు కొస చేతిలోకి వచ్చింది. నీళ్లను పాలు చేసింది లెస్ కాదు, ఆ బండ. తాడు తెంపింది తను. గట్టు మీదికొచ్చాక నోటినుంచి మొదట వచ్చిన మాట "కోశారు". ఆ మాట వచ్చాక లాగిన సంగతితో ఎవరికీ పని పడలేదు. తనకు కూడా.

విచ్చుకున్న ఆ రెండు కొసలూ కోసి తెచ్చుకుంది, ఆమె తొడ జేబులో ఉన్నాయి. ఆ కుంచెను టామ్సిన్ కూడా చూసింది, కానీ దాని అర్థం ఆ పిల్లకు తెలియదు. మిగతా ఎనభై మీటర్లతో కలిపి చెత్తలో వేసేస్తే ఇక ఎవరికీ తెలియదు.

*

సాయంత్రం వంటకు ముందే ఇయన్‌కు ఫోను చేసింది. ఇయన్ ఎప్పుడో క్వీన్స్‌లాండు వెళ్లిపోయి కెయిర్న్స్‌లో పడవలకు ఇంజన్లు బాగుచేస్తున్నాడు. అవతల చేప వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాతావరణం, మోకాళ్ల నొప్పుల మాటలు అయ్యాక అడిగింది.

"ఇయన్, ఆ రోజు నేను తాడు లాగానా?"

చప్పుడు తగ్గింది. పొయ్యి మీది నుంచి పెనం దించినట్టున్నాడు.

"లాగావు. మూడోసారి నీ మోచెయ్యి వచ్చి నా ముసుగు అద్దానికి కొట్టుకుంది. ఏం, ఇప్పుడెందుకు?"

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు, రో? కొస పట్టుకున్నది నువ్వు. కోసిందే అన్నావు. నేను నీ కాలు పట్టుకుని వచ్చినవాణ్ణి."

ఆమె బండ సంగతి చెప్పింది. అతను అంతా విన్నాడు. చివరికి, నోస్కే ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడంది. అయితే నాకెందుకు ఫోను చేశావు అన్నాడు. కోపంగా అనలేదు.

*

ఆదివారం ఏడింటికి లెస్ తన రేకుల షెడ్డులో ఉన్నాడు. బల్ల మీద క్లారీ పంపు విప్పి పరిచి ఉంది. తోలు వాషర్లు నూనెలో నానుతున్నాయి. ఒక పక్క పళ్లెంలో నల్లటి వెజిమైట్ ముద్ద రాసిన రొట్టె ముక్క, సగం కొరికింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి, చెవుల మీద తెల్లజుట్టు. గుమ్మంలో రోవెనాను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఒక్కో వేలూ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

దారంతా ఆమె మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఒక్కటీ వాడలేదు. రెండు కొసలూ తీసి బల్ల మీద వాషర్ల పక్కన పెట్టింది.

"మా తాడు నువ్వు కొయ్యలేదు, లెస్. కప్పు నుంచి బండ రాలి తాడు మీద పడింది. నేను లాగితే తెగింది. మూడుసార్లు లాగాను. పైకొచ్చి కోశారన్నాను. ముడి దగ్గర తాడు ఉన్నది ఉన్నట్టే ఉంది, నిన్న చూశాను. ఎడమ పాయలో నీ కోత కూడా చూశాను. నువ్వు చెప్పిన చోటే ఉంది."

అతను కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక కొస తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుని, పోగుల్ని బొటనవేలితో విడదీశాడు. తర్వాత రెండోది. రెంటినీ ఎదురెదురుగా పెట్టి కలిపి చూశాడు. బయట ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది. కొసలు బల్ల మీద పెట్టేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనే కోశాననుకున్నాను," అన్నాడు.

రోవెనాకు అర్థం కాలేదు.

"మొదటి ఏడాది కొయ్యలేదని ప్రమాణం చేసేవాణ్ణి. తర్వాత్తర్వాత, ఆ మడ్డిలో ఏది కోశానో నాకు మాత్రం ఏం తెలుసు అనిపించింది. పదేళ్లయ్యాక మీ తాడు మీద చెయ్యి వేసినట్టు జ్ఞాపకం కూడా వచ్చేది. చీలిక దగ్గర, ముడికి కుడి పక్కన. మీటింగులో నువ్వు చెప్పినదంతా నాకు జ్ఞాపకం వచ్చేది, రోవెనా. కత్తి తియ్యడం కూడా."

ఆమె నోరు తెరిచింది. తను క్షమాపణ అడగడానికి వచ్చానని అనబోయింది. అతను చెయ్యెత్తాడు.

"అది తర్వాత. ముందు ఆ బండ ఎంత ఉందో చెప్పు."

తలుపంత ఉందంది. ఏ తలుపు అన్నాడు. షెడ్డు తలుపు చూపించింది. మందం ఎంతన్నాడు. మూరెడు. ఏ వైపుకి వాలి ఉంది? కప్పులో మచ్చ ఎంత ఎత్తున? తాడు ఏ అంచు కింద పోయింది? చెబితే చాలలేదు. సుద్దముక్క తీసిచ్చాడు. రోవెనా బల్ల మీదే గీసింది. గోడ, బండ, తాడు, ముడి. అతను వంగి, సుద్దగీత మీద వేలు పెట్టి, చీలిక నుంచి బండ దాకా మెల్లగా జరుపుకుంటూ పోయాడు. బండ దగ్గర ఆగాడు. మళ్లీ చీలిక దగ్గరికొచ్చి మళ్లీ జరిపాడు. మూడోసారి జరిపేటప్పుడు అతని భుజాలు కిందికి దిగడం ఆమె చూసింది. బస్తా దించుకున్నట్టు దిగాయి. అతను గట్టిగా ఊపిరి వదిలి, మిగిలిన రొట్టె ముక్క తినేశాడు. లేచి ఇంకో రెండు ముక్కలు వేడిచేసే డబ్బాలో పెట్టాడు.

అవి ఆమెకు. ఆకలి లేకపోయినా రోవెనా రెండూ తినేసింది.

"ఇవాళ క్లబ్బు వాళ్లందరికీ చెబుతాను," అంది చివరికి.

"చెప్పు. బండ పడిందని చెప్పి వదిలెయ్యకు. నేను లాగాను అని కూడా చెప్పు."

"చెబుతాను."

"కోపం లేదని అనుకోకు. ఉంది. దాన్ని తియ్యడానికి తీరిక దొరకలేదు, అంతే. ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది, ఉండనీ." వాషరొకటి నూనెలోంచి తీసి చుక్కలు విదిల్చాడు. "నీకు?"

రోవెనా ఆలోచించింది. "నాక్కూడా," అంది. సిగ్గుపడుతూనే నిజం చెప్పింది.

*

తొమ్మిదింటికి పొలంలో సిలిండర్లు కట్టుకోకముందే ఆమె అందర్నీ పిలిచి చెప్పింది. కూర్చుని చెబితే తేలికయ్యేది, నిలబడే చెప్పింది. బండ, కొస, ఎడమ పాయలోని కోత. "లాగింది నేను. తెంపింది నేను. అతను కోశాడన్నది కూడా నేనే." రేపు ఇదే రాసి క్లబ్బు బోర్డు మీద అంటిస్తానని, అతని పేరు మీద వేసిన నిషేధం ఎత్తెయ్యమని వచ్చే మీటింగులో అడుగుతానని చెప్పింది.

అప్పట్లో ఆ నిషేధం కాగితం బోర్డుకు మేకులు కొట్టిన వెస్లీ టాగ్ వెళ్లి, ఒకసారి చూసిన గేజిలన్నీ మళ్లీ చూశాడు. ఆమెను ఎవరూ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. టామ్సిన్ మాత్రం పక్కకొచ్చి రోవెనా భుజం పట్టీ సర్దుతూ, "పలక మీద 'ఆగు' అని రాశావు చూడు, గాలి అయిపోయిందేమోనని నా ప్రాణం పోయింది. ఇంకోసారి కారణం కూడా రాయి," అంది. రోవెనా నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి.

ఆ రోజు ఇద్దరూ దిగి, బండకు ఇవతల మిగిలిన తాడంతా చుట్టారు. చీలిక దగ్గరి ముడిని రోవెనా తనే విప్పింది. బండ కింద నలిగిన ముక్క మాత్రం రాలేదు. దాన్ని అక్కడే వదిలేశారు. తిరిగొస్తూ చూస్తే గోడ వెంట ఒక్క తాడే తెల్లగా, బిగువుగా పోతోంది. చేతిని అనుమానించక్కర్లేదు. పట్టుకుని వస్తే చాలు. పన్నెండు నిమిషాలు వేలాడినప్పుడు ఈసారి ఆమె ఏమీ ఆలోచించలేదు. పైన వెలుతురులో ఆకులు తేలుతుంటే చూస్తూ ఉంది.

మూడింటికి లెస్ బండి పంపు వేసుకుని వచ్చింది. అతను నిచ్చెన ఎక్కి కడ్డీ బిగించాడు. గాలిమర నాలుగుసార్లు మూలిగి తిరగడం మొదలుపెట్టింది, తొట్టిలోకి నీళ్లు పడ్డాయి. పని అయిపోయింది కనుక వెళ్లిపోవచ్చు. నిచ్చెన బండిలో పెట్టి, తలుపు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడ్డాడు. క్లారీ ట్రాక్టరు మీది నుంచి చెయ్యూపి పిలిచాడు. "ఇటు రావయ్యా. వీళ్లు నా పొలం నిండా సేమ్యాలు ఆరబోశారు."

అది నిజమే. మూడు రోజులుగా తీసిన తాళ్లన్నీ టార్పాలిను మీద గుట్టగా ఉన్నాయి. ఏది ఏ ఏటిదో, ఎవరిదో క్లబ్బు పుస్తకంలో రాసుకుని పారెయ్యాలి. లెస్ వచ్చాడు. అందరూ చోటిచ్చారు, కొంచెం ఎక్కువగానే ఇచ్చారు. వెస్లీ చెయ్యి చాపాడు. లెస్ ఆ చేతిని చూసి, పట్టుకుని, వదిలేశాడు. ఎక్కువసేపు కాదు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని తాళ్లను వేళ్లతో నలిపి చెప్పసాగాడు. ఈ అల్లిక తొంభైలలోది, ఇది అంతకు ముందుది, ఇది అడిలైడు వాళ్లది, ఎప్పుడూ నాసిరకం కొనేవాళ్లు. టామ్సిన్ రాసుకుంటోంది. రోవెనా అవతలి పక్క కూర్చుని చిక్కులు తీస్తోంది. ఆమే, లెస్సూ ఒకే తాడు రెండు కొసల్నించి తీసుకుంటూ వచ్చి ఒకసారి చేతులు ఎదురుపడ్డాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

గుట్ట అడుగు నుంచి టామ్సిన్ పిడికిలంత ముడి ఒకటి ఎత్తి పట్టుకుంది. ఆకుపచ్చ నాచు పట్టి ఉంది.

"ఇది ముడి కాదు, పిచ్చుక గూడు. దీన్ని విప్పడానికి మొన్న నాకు పావుగంట గాలి ఖర్చయింది. అయినా రాలేదు, పక్కన కోసి తీశాను. ఇది కట్టిన మహానుభావుణ్ణి పట్టుకుని వాడి చేతే విప్పించాలి."

అందరూ తలలు వంచుకుని తమ తమ తాళ్లు చూసుకున్నారు. లెస్ చెయ్యి చాపి ముడిని తీసుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి, నాచు గీకి, దాని నడుంలో చిన్నవేలు దూర్చి చూశాడు. ముఖం మెల్లగా విప్పారింది.

"ఎనభై తొమ్మిది, ఈస్టరు సెలవులు," అన్నాడు. "చేతులు గడ్డకట్టాయి, పొగరు మాత్రం గడ్డకట్టలేదు. ఇది నేను కట్టిందే, అమ్మాయ్. దీనికి ఎంత తిట్టినా పడతాను."

ముందు క్లారీ నవ్వాడు, తర్వాత మిగతావాళ్లు. లెస్ టార్పాలిను మీద కాళ్లు చాపుకుని సుఖంగా కూర్చుని, తను కట్టిన ఆ ముడిని పళ్లతో ఒక పోగు పట్టి విప్పడం మొదలుపెట్టాడు.